పెద్ద ఓపెన్‌లో అమెచ్యూర్లకు వేరే విభాగం పెట్టాలా?

రూక్ ఎండింగ్:
మేం ఏటా ఆడే పెద్ద చదరంగం ఓపెన్‌లో, అంటే ఎవరైనా ఆడగల టోర్నమెంట్‌లో, ఇప్పటిదాకా అందరికీ ఒకటే విభాగం. గ్రాండ్‌మాస్టర్ దగ్గర్నుంచి మొన్ననే రేటింగ్ (ఆట బలాన్ని చెప్పే అంకె) వచ్చిన పిల్లాడి వరకు అందరూ ఒకే హాల్లో, ఒకే పెయిరింగ్ (ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే) జాబితాలో ఉంటారు. తొమ్మిది రౌండ్లు, మనిషికి 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్లు అదనం. వచ్చేసారి నుంచి 2000 కింద రేటింగ్ ఉన్నవాళ్లను విడిగా ఆడించాలని నిర్వాహకులు ఆలోచిస్తున్నారు. ఆటగాళ్ల అభిప్రాయం అడిగారు. నేను వద్దనే అంటున్నాను.

నా రేటింగ్ 1650 దగ్గర. ఉద్యోగం చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు పుస్తకం ముందేసుకుని నేర్చుకున్న ఆట. ఈసారి ఐదో రౌండ్‌లో నాకు 2300 దాటిన ఇంటర్నేషనల్ మాస్టర్ తగిలారు. మధ్య ఆటలో ఒక బంటు పోయింది, చివరికి రూక్ ఎండింగ్, అంటే రాజులు, రూక్‌లు, బంట్లు మాత్రమే ఉన్న దశ, మిగిలింది. ఆయనకు నాలుగు బంట్లు, నాకు మూడు, అన్నీ రాజు వైపే. పుస్తకాల్లో ఇది డ్రా అనే ఉంటుంది. కానీ గడియారంలో ఐదారు నిమిషాలు మిగిలి, ఎదురుగా అంతటి ఆటగాడు కూర్చుని ఉంటే ఆ డ్రా చేతికి రావడానికి చెమటలు పడతాయి. ఎఫ్7, జీ6, హెచ్5 గడుల్లో బంట్లు నిలబెట్టి, రూక్‌ను వెనకనుంచి తిప్పుతూ కూర్చున్నాను. ఆయన ఏమాత్రం తొందరపడలేదు. రాజును ఒక గడి ముందుకు జరిపి మళ్లీ వెనక్కి తెచ్చేవారు, రూక్‌ను పక్క వరుసకు మార్చేవారు. అవే ఎత్తులు తిరిగి వస్తున్నాయి అనుకునేలోపు ఏదో చిన్న తేడా కనిపించేది. బంటు కదలకుండా, పావు పోకుండా యాభై ఎత్తులు గడిస్తే డ్రా అనే నిబంధన దగ్గర పడుతోందనగా ఒక బంటును కదిపి లెక్కను మళ్లీ మొదటికి తెచ్చేవారు. ప్రతిసారీ నేను కొత్తగా ఆలోచించుకోవాల్సి వచ్చేది. హాల్లో మా చుట్టుపక్కల బల్లలన్నీ ఖాళీ అయిపోయాయి. ఆఖరికి ఆయనే ఎత్తు వేసి, డ్రా అని అడిగి, గడియారం నొక్కారు.

తర్వాత ఎనాలిసిస్ గదిలో ఓపిగ్గా కూర్చుని చూపించారు. నేను హెచ్5 ఆడకముందే తను జీ4 ఆడి ఉంటే నాకు ఆ వరుస కట్టుకునే వీలు ఉండేది కాదట. ఆ ఒక్క ఎత్తు ముందువెనకలు ఎంత తేడా తెస్తాయో బల్ల మీద రెండు వైపులా ఆడి చూపించారు. 2000 కింద విభాగంలో ఇలాంటి ఆట, ఆట తర్వాత ఇలాంటి అరగంట నాకు దొరుకుతాయా? మమ్మల్ని విడదీస్తే పోయేది ఇదే.

లెక్క పక్కా:
డ్రాకు అభినందనలు అండీ. ఆ ఎండింగ్ నిలబెట్టడం మాటలు కాదు. కానీ మీరు తొమ్మిది రౌండ్లలో ఒక రౌండ్ గురించే చెప్పారు. మిగతా ఎనిమిది ఎలా ఉంటాయో లెక్క వేసి చూద్దాం.

మొత్తం 300 మంది అనుకోండి, రేటింగ్ వారీ జాబితాలో మీ స్థానం 200. ప్రతి రౌండ్‌లో ఒకే పాయింట్లున్నవాళ్లను కలిపి ఆడించే స్విస్ పద్ధతిలో పై సగానికి కింది సగంతో జోడీ కడతారు కాబట్టి మొదటి రౌండ్‌లో మీకు 50వ స్థానం ఆటగాడు వస్తాడు. ప్రతి బల్ల మీదా పెద్ద రేటింగే గెలిచిందనుకుందాం. మీరు ఓడి సున్నా పాయింట్ల గుంపులోకి వెళ్తారు. అక్కడ 151 నుంచి 300 దాకా ఉంటారు, మీకు 275 తగులుతాడు. గెలుస్తారు. మూడో రౌండ్‌లో 125 దగ్గరివాడు. ఓడతారు. నాలుగో రౌండ్‌లో 256 దగ్గరివాడు. మళ్లీ గెలుపు. ఇది ఉయ్యాల ఊగినట్టే ఉంటుంది. ఒకసారి మీకన్నా ఎంతో పైవాడు, ఒకసారి ఎంతో కిందివాడు. మీ స్థాయి మనిషి ఎదురయ్యేసరికి టోర్నమెంట్ సగం అయిపోతుంది.

రేటింగ్ సంగతీ అంతే. కే విలువ (ఒక్కో ఆటకు రేటింగ్ ఎంత కదలాలో తేల్చే అంకె) 20 ఉన్న మీలాంటివారు 400 పాయింట్లు పైవాడితో ఓడితే పోయేది 1.6 పాయింట్లు. తేడా అంతకన్నా ఎక్కువున్నా 400గానే లెక్క. తర్వాతి రౌండ్‌లో 1450 ఆటగాడిని గెలిస్తే వచ్చేది 4.8, పొరపాటున ఓడితే పోయేది 15.2. గెలిచినా ఓడినా ముందే ఊహించిన ఆటలవి. సమానమైన రేటింగ్ ఉన్నవాళ్లతో అయితే ప్రతి ఆటా పది పాయింట్ల పోరు. నిజమైన టెన్షన్ అక్కడ ఉంటుంది, ఎవరు గెలుస్తారో తెలియని చోట. నాకు కావలసింది అలాంటి తొమ్మిది ఆటలు. పెద్దవాళ్లతో ఆడటం గొప్పే, కాదనను. కానీ అందులో ఎక్కువ భాగం ఇరవై అయిదో ఎత్తుకే ముగిసిపోయే ఆటలని మనందరికీ తెలుసు.

ఆదివారం ఆట:
నేను ‘లెక్క పక్కా’ గారి వైపే. రోజుకు రెండు రౌండ్లున్న టోర్నమెంట్లలో పొద్దున మాస్టర్ చేతిలో నాలుగు గంటలు నలిగి, సాయంత్రం ఒక చిన్నపిల్లాడి ముందు కూర్చోవాలి. ఒళ్లు సహకరించదు. వయసు పైబడ్డవాళ్లకు ఇది ఇంకా కష్టం. అర పాయింట్ బై తీసుకుని, అంటే ఆడకుండానే అర పాయింట్‌తో, ఒక రౌండ్ మానేయడం తప్ప దారి ఉండదు.

కోచ్:
పిల్లలకు నేర్పేవాడిగా ఒక మాట. 2000 కింద విభాగం పెడితే అందరూ సమానులవుతారన్న నమ్మకమే తప్పు. 18 ఏళ్ల లోపు పిల్లలకు, రేటింగ్ 2300 కన్నా తక్కువుంటే కే విలువ 40. అంటే పెద్దవాళ్లకన్నా రెట్టింపు వేగంతో రేటింగ్ కదులుతుంది. అయినా ఆట పెరిగే వేగాన్ని అది అందుకోలేదు. నా దగ్గర 1550 రేటింగ్ ఉన్న అమ్మాయి ఒకరు ఉంది. ఆరు నెలలుగా ఒక్క రేటెడ్ టోర్నమెంట్ కూడా ఆడలేదు, రోజూ మాత్రం గంటల తరబడి ప్రాక్టీస్ చేస్తోంది. ఆ అమ్మాయికి ఎదురుగా కూర్చున్న 1700 పెద్దమనిషికి ఆ 1550 అంకెను నమ్మి ఏం లాభం?

పైగా 2024 మార్చిలో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే చేసిన మార్పును మర్చిపోకండి. 2000కు తక్కువున్న ప్రతి ఆటగాడికీ, 2000కు ఎంత తక్కువో అందులో 40 శాతం కలిపారు. 1000 ఉన్నవాడు 1400 అయ్యాడు, 1500 ఉన్నవాడు 1700 అయ్యాడు. కనీస రేటింగ్ కూడా 1400కి పెరిగింది. అంటే పాత వెయ్యి పాయింట్ల వెడల్పు ఇప్పుడు ఆరు వందల్లో ఇమిడిపోయింది. 2000 కింద అని గీత గీస్తే అందులో నిన్న మొన్న ఆట మొదలుపెట్టినవాళ్లూ ఉంటారు, ఇరవై ఏళ్లుగా ఆడుతున్నవాళ్లూ ఉంటారు. మీరు వద్దంటున్న ఉయ్యాల అక్కడా ఊగుతుంది, కాకపోతే కాస్త చిన్నగా.

ఇంకోటి, బహుమతులు. రేటింగ్ విభాగానికి పెద్ద బహుమతి పెట్టిన చోట రేటింగ్‌ను కావాలని కింద ఉంచుకునేవాళ్లు తయారవుతారు. చిన్న టోర్నమెంట్లలో ఓడి, పెద్దదానికి విభాగం గీత కింద నుంచి దిగుతారు. నిజాయతీగా ఆడే అమెచ్యూర్‌కు ఇది చేసే అన్యాయం మాస్టర్ చేతిలో ఓడటంకన్నా పెద్దది. మాస్టర్ చేతిలో ఓడితే కనీసం ఏదో నేర్చుకుంటాం.

ఆర్బిటర్ బల్ల:
రెండు వైపులా చెబుతున్నది నిజమే, కానీ మధ్యలో ఒక దారి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

స్విస్ పద్ధతి 1895లో జ్యూరిక్‌లో మొదలైంది. ఎక్కువమందిలోంచి తక్కువ రౌండ్లలో విజేతను తేల్చడానికి పుట్టిన పద్ధతి అది. మధ్యలో ఉన్నవాడికి మంచి ప్రత్యర్థి దొరకాలన్నది దాని లక్ష్యం కాదు. కాబట్టి ‘లెక్క పక్కా’ గారు చూపించిన ఊగులాట పద్ధతిలోనే ఉంది. దాన్ని తగ్గించడానికి ఫిడే ఆమోదించిన వేగవంతం చేసే పద్ధతి ఒకటుంది. బాకు నగరం పేరు మీద దాన్ని బాకు పద్ధతి అంటారు. తొమ్మిది రౌండ్ల పోటీలో పై సగం ఆటగాళ్లకు మొదటి మూడు రౌండ్లలో ఒక పాయింట్, తర్వాత రెండు రౌండ్లలో అర పాయింట్ ఉన్నట్టు పెయిరింగ్ కోసం మాత్రం అనుకుంటాం. స్కోరులో అది కలవదు.

అదే 300 మందికి వేసి చూడండి. ‘రూక్ ఎండింగ్’ గారికి మొదటి రౌండ్‌లో 50వ స్థానం కాకుండా 275 వస్తాడు. గెలిస్తే రెండో రౌండ్‌లో పై సగంలో ఓడిపోయి వచ్చినవాళ్లలో 125 దగ్గరివాడు తగులుతాడు. తేడా పూర్తిగా పోదు. కానీ మొదటి రోజే ఇరవై ఎత్తుల్లో చితికిపోయే ఆటలు చాలావరకు తగ్గుతాయి, బాగా ఆడుతున్న అమెచ్యూర్‌కు మాత్రం గట్టి ప్రత్యర్థి దొరుకుతూనే ఉంటాడు.

ఆర్బిటర్‌గా, అంటే అంపైర్‌గా హాలు నడిపేవాడిగా ఇంకో సంగతి. కింది బల్లల దగ్గర మాకు పని ఎక్కువ. ముట్టిన పావునే ఆడాలన్న నియమం గురించి తగాదాలు, ఎత్తులు రాయడం ఆపేసినవాళ్లు, నిబంధనకు విరుద్ధమైన ఎత్తులు. మొదటిసారైతే ప్రత్యర్థికి రెండు నిమిషాలు కలుపుతాం, రెండోసారి ఆట పోయినట్టే. ఆ సంగతి తెలియక కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లల్ని చూశాను. ఈ క్రమశిక్షణ అలవడటానికి ఎత్తు వేశాక చేతులు కట్టుకుని కూర్చునే ఆటగాళ్లున్న హాలే సరైన చోటు. విడదీసిన విభాగాల్లో ఆ వాతావరణం పలచబడుతుంది. ఇది నా అనుభవం.

నార్మ్ కోసం:
మా గోడు కూడా వినండి. బిరుదు రావాలంటే నార్మ్‌లు, అంటే టోర్నమెంట్‌లో ఆ స్థాయి ఫలితాలు, సాధించాలి. గ్రాండ్‌మాస్టర్ నార్మ్‌కు ప్రత్యర్థుల సగటు రేటింగ్ కనీసం 2380 ఉండాలి, ఇంటర్నేషనల్ మాస్టర్ (ఐఎమ్) నార్మ్‌కు 2230. మరీ తక్కువ రేటింగ్ ఉన్న ఒక్క ప్రత్యర్థిని మాత్రం పెంచి లెక్కిస్తారు, గ్రాండ్‌మాస్టర్ నార్మ్‌కైతే 2200గా, ఐఎమ్ నార్మ్‌కైతే 2050గా. మొదటి రౌండ్‌లో 1650 వచ్చి, తర్వాత ఒక డ్రాతో కిందికి జారి ఇంకో 1800 వచ్చాడంటే, మిగతా రౌండ్లన్నీ ఎంత బాగా ఆడినా సగటు అందడం చాలా కష్టం. బాకు పద్ధతి పెడితే నాకు అభ్యంతరం లేదు. పెట్టకపోతే మాత్రం విడదీయమనే అంటాను.

రూక్ ఎండింగ్:
‘ఆర్బిటర్ బల్ల’ గారూ, నాకు మొదటి రౌండ్ మాస్టరే రావాలని లేదు. ఐదో రౌండ్‌లో వచ్చినా చాలు, అప్పటికి నా ఆటతో సంపాదించుకున్న బల్ల అవుతుంది అది. కాబట్టి ఒకే విభాగం, బాకు పద్ధతితో. నేను ఇదే రాసి పంపుతాను.

‘లెక్క పక్కా’ గారూ, మీరన్న పది పాయింట్ల పోరు విలువ నాకూ తెలుసు. కానీ అలాంటి ఆటలు ఏడాది పొడుగునా చిన్న టోర్నమెంట్లలో ఆడుతూనే ఉంటాం కదా. మాస్టర్ ఎదురుగా నాలుగు గంటలు కూర్చునే అవకాశం మాకు పెద్ద ఓపెన్‌లోనే వస్తుంది. అమెరికాలో జరిగే వరల్డ్ ఓపెన్ రేటింగ్ వారీ విభాగాలతో నడుస్తోంది, అక్కడ అది కుదిరింది. ఐస్‌లాండ్‌లో 1964లో మొదలైన రెయ్‌క్యవిక్ ఓపెన్‌లో అమెచ్యూర్ పేరు గ్రాండ్‌మాస్టర్ ఉన్న జాబితాలోనే ఉంటుంది. ఏది ఎంచుకోవాలో నిర్వాహకుల ఇష్టం. మనకున్న టోర్నమెంట్ రెండో రకం. దాన్ని మొదటి రకంగా మార్చేస్తే ఈ చుట్టుపక్కల రెండో రకం ఇంకొకటి లేదు. నా బాధంతా ఇక్కడే.

లెక్క పక్కా:
ఈ చివరి మాట కాదనలేను. చిన్న టోర్నమెంట్లు నాకు అందుబాటులో ఉన్నంతగా అందరికీ ఉండవు, అదొక్కటి గుర్తుపెట్టుకోండి. విడదీయాలనే నిర్ణయించేస్తే మాత్రం పైవిభాగంలో ఆడాలనుకునే కిందివాళ్లకు ఆ వీలు తప్పనిసరిగా ఉంచమని రాయండి. నేను దాన్ని వాడుకోను, మీరు వాడుకుంటారు.

కోచ్:
గీత గీయక తప్పదంటే 2000 దగ్గర వద్దు, 1800 దగ్గర గీయమనండి. 1800 దాటినవాళ్లు మాస్టర్ల ముందు నిలబడగలరు, వాళ్లను కిందికి నెట్టడం అన్యాయం. పైవిభాగం ఎంచుకునే వీలు కూడా పేరు నమోదు చేసేటప్పుడే ఉండాలి. ఎంట్రీల జాబితా చూసి, ఎక్కడ బహుమతి సులువో లెక్కేసుకుని మారేవాళ్లకు దారి ఇవ్వకూడదు.

ఆర్బిటర్ బల్ల:
ఆ చివరి షరతు ప్రాస్పెక్టస్‌లోనే (టోర్నమెంట్ వివరాల పత్రంలోనే) రాయాలి. హాల్లో మొదటి రౌండ్‌కు గంట ముందు విభాగం మార్చమని వచ్చేవాళ్లకు సమాధానం చెప్పాల్సింది మేమే. ‘రూక్ ఎండింగ్’ గారూ, ఉత్తరం రాశాక ఇక్కడ పెట్టండి, బాకు పద్ధతి వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో నేను చూసి చెబుతాను.