గౌట్ ఉంటే చేపలు పూర్తిగా మానేయాలా?

చేపలపిచ్చి:
అందరికీ నమస్తే. ఈ మధ్య కాలి బొటనవేలు ఎర్రగా వాచిపోయి దుప్పటి తగిలినా ప్రాణం పోయేంత నొప్పి వస్తే టెస్ట్ చేయించాను, యూరిక్ యాసిడ్ 8.4 వచ్చింది, గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని కీళ్ళు వాచే జబ్బు) అన్నారు డాక్టర్. మటన్ మానేయమంటే సరే అన్నా కానీ ఇంట్లో వాళ్ళు చేపలు కూడా ముట్టుకోనివ్వట్లేదు, నాకేమో చేప లేకపోతే ముద్ద దిగదు. నిజంగా మొత్తం మానాలా?

ఉప్పుగాలి:
మొత్తం అక్కర్లేదండి, ఏ చేప అన్నదే అసలు సంగతి. నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు వీటిల్లో ప్యూరిన్లు బాగా ఎక్కువ, అవే ఒంట్లో యూరిక్ యాసిడ్ అవుతాయి, కాబట్టి వాటి జోలికి పోకండి. ఎండు చేపలు ఇంకా ఘోరం, నీళ్ళు పోయి ప్యూరిన్లు చిక్కబడతాయి. ఆలిచిప్పలూ వద్దు. తిలాపియా, సాల్మన్ లాంటివి కాస్త నయం, వారానికి ఒకట్రెండు సార్లు వంద గ్రాముల ముక్క తినొచ్చు. ఇంకోటి, ఉడికిస్తే ప్యూరిన్లు కొంత నీళ్ళలోకి దిగిపోతాయి, అందుకే ముక్క తిని ఆ నీళ్ళు వదిలేయాలి (రుచంతా అక్కడే ఉంటుంది, ఏం చేస్తాం).

పాతకాపు:
పై ఆయన చెప్పింది కరెక్టే కానీ చేపల లెక్కల్లో పడి మాత్రల సంగతి మర్చిపోవద్దు తమ్ముడూ. ఒంట్లో ఉండే యూరిక్ యాసిడ్‌లో సుమారు మూడింట రెండొంతులు మన ఒళ్ళే తయారుచేస్తుంది, తిండి ఎంత కట్టుకున్నా మహా అయితే 1 పాయింట్ తగ్గుతుందేమో, 8.4 నుంచి 6 లోపుకి రావాలంటే అది చాలదు. యూరిక్ యాసిడ్ తగ్గించే మాత్ర, అల్లోప్యూరినాల్ రాశారా? మొదట్లో అది వేసుకుంటుంటే నొప్పి మళ్ళీ రావచ్చు, చాలామంది అక్కడే భయపడి ఆపేస్తారు, ఆపకుండా డాక్టర్‌కి చెప్పండి. చేపతో పాటు బీరు అలవాటుంటే ముందు మానాల్సింది అదే.

చేపలపిచ్చి:
థాంక్స్ అన్నా, బీరు సంగతి మా ఆవిడకి చూపించను 😅 మందు ఇంకా రాయలేదు, వాపు తగ్గాక చూద్దాం అన్నారు. ఇప్పుడు వాపు ఉండగా సాల్మన్ తినొచ్చా?

ఉప్పుగాలి:
వాపు పూర్తిగా తగ్గేదాకా ఆగండి, నీళ్ళు బాగా తాగండి. తగ్గాక రెండు వారాలు ఆగి యూరిక్ యాసిడ్ మళ్ళీ చేయించండి, నొప్పి ఉన్నప్పుడు అది ఒక్కోసారి ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.