ఈస్టర్ వేకువ ఆరాధన: సమాధుల తోటలోనా, గుడిలోనా?

వేకువచుక్క:
మా సంఘంలో నా చిన్నప్పటి నుంచీ ఈస్టర్ రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు అందరం సమాధుల తోటలో చేరతాం. శనివారం సాయంత్రమే గడ్డి చెక్కి, సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పరుస్తాం. చీకట్లో కొవ్వొత్తులు వెలిగిస్తాం. తూర్పు తెల్లబడుతుండగా అయ్యగారు "క్రీస్తు లేచెను" అంటే, ఎవరి సమాధి దగ్గర వాళ్లం నిలబడి "నిజముగా లేచెను" అని బదులిస్తాం.

వచ్చే ఏడాది నుంచి ఇది మాని, గుడి ఆవరణలో షామియానా కింద ఆరాధన జరపాలని మా సంఘం వ్యవహారాలు చూసే పాస్టరేటు కమిటీ ప్రతిపాదించింది. పూలు, దీపాలు పితృపూజలా కనిపిస్తున్నాయట. సంతోషపు పండుగను ఏడుపుతో మొదలుపెట్టకూడదట. నా మనసు ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

కమిటీలో ఒకడిని:
అమ్మా, మాది వేరే ఊరు. మా కమిటీలోనూ ఇదే చర్చ వస్తే నేను మార్పుకే చెయ్యెత్తాను. యేసు ఖాళీ సమాధి దగ్గర స్త్రీలు విన్న మొదటి మాట ఏమిటి? "సజీవుడైనవానిని మీరెందుకు మృతులలో వెదకుచున్నారు?" మా తోటలో కొందరు పోయినవారికి ఇష్టమైన మిఠాయి తెచ్చి సమాధి మీద పెడతారు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్న ఒక కుటుంబం అది చూసి, "మేము మానేసి వచ్చింది ఇదే కదా అయ్యా" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

పాలరాతి సమాధుల పోటీ సంగతి వేరే చెప్పాలా? ఒకరు గ్రానైటు వేయిస్తే పక్కవారు దానిపైన గోపురం కట్టిస్తున్నారు. పక్కనే మట్టి దిబ్బలుగా మిగిలిన పేదల సమాధులను తొక్కుకుంటూ నడుస్తున్నాం.

విచారణ బిడ్డ:
మేము కతోలికులం. మాకు శనివారం రాత్రే పాస్కా, అంటే ఈస్టర్, జాగరణ. గుడి బయట కొత్త నిప్పు రాజేసి, దానితో పాస్కా కొవ్వొత్తి వెలిగించి, చీకటి గుడిలోకి తీసుకువెళ్తారు. దాని నుంచి మా చేతుల్లోని కొవ్వొత్తులు ఒక్కొక్కటే అంటుకుంటాయి. సమాధుల దగ్గరికి మృతులను స్మరించుకునే నవంబరు 2న వెళ్తాం. రెండూ వేరుగా ఉండడమే నాకు నచ్చుతుంది.

పాత రిజిస్టరు:
వేకువ ఆరాధనను సమాధుల దగ్గర చేయడం మన ఊళ్లలో పుట్టిన అలవాటు అనుకోకండి. 1732లో జర్మనీలోని హెర్న్‌హుట్‌లో మొరావియన్ అనే ప్రొటెస్టెంటు సంఘపు యువకులు ఈస్టర్ తెల్లవారుజామున ఊరి సమాధుల గుట్ట ఎక్కి పునరుత్థాన కీర్తనలు పాడారు. మిషనరీలతో పాటు ఆ ఆచారం దేశదేశాలకూ వెళ్లింది. మొరావియన్ల తోటల్లో సమాధి రాళ్లు సాధారణంగా నేలకు సమంగా, ఒకే తీరున ఉంటాయి. ధనవంతుడికీ పేదవాడికీ తేడా లేదు. పాలరాతి జబ్బుకు మందు కావాలంటే అక్కడ దొరుకుతుంది. తోట వదిలేస్తే మాత్రం ఆ జబ్బు నయం కాదు.

వేకువచుక్క:
కమిటీ అన్నయ్యగారూ, మిఠాయి విషయంలో మీతో ఏకీభవిస్తాను. అది బోధించి మాన్పించవలసినదే. కానీ ఏడుపు గురించి ఒక మాట చెప్పనివ్వండి.

మా అమ్మ 2021 మే నెలలో కరోనాతో పోయింది. మట్టి చేసేటప్పుడు నలుగురమే ఉన్నాం. పాట లేదు, ఆదరణ కూడిక లేదు. రాయి వేయించే స్తోమత లేక తలవైపు రెండు ఇటుకలు పాతాను. వానకు దిబ్బ కుంగిపోయింది. 2022 ఏప్రిల్ 17న, ఈస్టర్ వేకువన, ఆ ఇటుకల మీద కొవ్వొత్తి నిలబెట్టాను. గాలికి ఆరిపోయింది. పక్క సమాధి దగ్గరున్న ఒక పెద్దావిడ ఏమీ అనకుండా తన కొవ్వొత్తి వంచి నాది వెలిగించి, ఆరాధన అయ్యేదాకా చెంగు అడ్డుపెట్టింది. అమ్మ అంత్యక్రియల్లో పాడని పాట ఆ రోజు మూడు వందల మంది పాడారు. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటే ఇది నాకు దక్కేదా?

మన బైబిలులో ఆశ అనే అర్థంలో "నిరీక్షణ" అనే మాట ఉంది. తెలుగులో దానికి ఎదురుచూడడం అని కూడా అర్థం. యేసు సిలువ మరణం తర్వాత ఎమ్మాయు ఊరి దారిలో శిష్యులు "మేము నిరీక్షించియుంటిమి" అన్నది ఏడుపు గొంతుతోనే. ప్రభువు వాళ్లను ముందు ఏడుపు మానమనలేదు, పక్కన నడిచాడు. పౌలు కూడా దుఃఖించవద్దనలేదు, నిరీక్షణ లేనివారిలా దుఃఖించవద్దన్నాడు. ఆ తేడా ప్రసంగంలో వింటే ఒకలా ఉంటుంది, మట్టి దిబ్బ పక్కన నిలబడితే ఇంకోలా ఉంటుంది.

కమిటీలో ఒకడిని:
ఆ పెద్దావిడ సంగతి చదివి చాలాసేపు ఊరుకున్నాను. నా అభ్యంతరం పూర్తిగా పోలేదు. ఆ కొత్త కుటుంబానికి ఇప్పటికీ జవాబు బాకీ ఉన్నాను.

వేకువచుక్క:
వాళ్లను కూడా తోటకు పిలవండి అన్నయ్యగారూ, పక్కన మీరే నిలబడి ఒక్కొక్కటీ ఎందుకో చెప్పండి. మా కమిటీ ముందు నేను ఒకటే అడగబోతున్నాను: మొదటి కొవ్వొత్తి రాయి లేని దిబ్బ మీద వెలగాలి. ఈ శనివారం మా సంఘంలోని ఆడవాళ్ల కూటమి, స్త్రీల మైత్రి వాళ్లం, పార, సున్నం తీసుకుని ఆ వరుస నుంచే మొదలుపెడుతున్నాం. అక్కడ ఎవరెవరు ఉన్నారో సంఘం పాత పుస్తకంలో వెతుకుతున్నాను. ఇప్పటికి పదకొండు పేర్లు దొరికాయి.