ఈబీవీ షెడ్డింగ్: ఏ వయసులో ఎంతమందిలో?

తులసిరెమ్మ: ఎప్‌స్టీన్-బార్ వైరస్ (ఈబీవీ) ఒకసారి సోకితే ఒంట్లోనే ఉండిపోతుంది, పెద్దల్లో 90 శాతం పైగా దాన్ని మోస్తున్నవాళ్లే. వాళ్లలో ఉమ్మి ద్వారా వైరస్ వదిలేవాళ్లు (దీన్నే షెడ్డింగ్ అంటారు) ఏ వయసులో ఎందరో ఎలా లెక్కకట్టాలి? ఒకచోట 20 శాతం అని, ఇంకోచోట దాదాపు అందరూ అని చదివాను.

సూక్ష్మదర్శి: రెండూ నిజమే. ఒక్కసారి ఉమ్మి తీసి, బొడ్డుతాడు రక్తంలోని లింఫోసైట్ల (ఒక రకం తెల్ల రక్తకణాల) మీద వైరస్‌ను పెంచి చూసే పాత కల్చర్ పద్ధతిలో ఆరోగ్యంగా ఉన్న పెద్దల్లో 20-30 శాతమే పట్టుబడతారు. అదే మనుషుల్ని వైరస్ డీఎన్ఏను పట్టే పీసీఆర్ పరీక్షతో నెలల తరబడి చూస్తే చాలామందిలో ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది. వైరస్ మోతాదు రోజుల్లో పెద్దగా మారదు, నెలల మీద వేల రెట్లు మారుతుంది. కాబట్టి వరసగా మూడు రోజులు తీసిన సాంపిళ్లు ఒకటి కిందే లెక్క. నెలకొకటి తీయండి.

పాలపళ్లు: పిల్లల దగ్గర తప్పంతా హారంలో జరుగుతుంది. వాళ్లలో ఇంకా సోకనివాళ్లు చాలామంది ఉంటారు, అందర్నీ కలిపి భాగిస్తే శాతం ఉత్తుత్తినే పడిపోతుంది. వీసీఏ ఐజీజీ (వైరస్ కవచం మీద ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ) పాజిటివ్ వాళ్లనే లెక్కలోకి తీసుకోవాలి. మరీ పసివాళ్లలో మాత్రం అది తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీ కావచ్చు, జాగ్రత్త. చిన్నపిల్లల్లో జబ్బు లక్షణాలు సాధారణంగా కనిపించవు, అయినా కొత్తగా సోకిన బిడ్డ నెలల తరబడి వదులుతూనే ఉంటుంది. టీనేజీలో మోనో (ఈ వైరస్ తెచ్చే జ్వరం, మోనోన్యూక్లియోసిస్) వచ్చినవాళ్లూ అంతే: జ్వరం తగ్గినా ఆరు నెలలు, కొందరిలో అంతకు మించి.

తులసిరెమ్మ: అంటే వయసు కన్నా సోకి ఎంతకాలమైందన్నదే ముఖ్యమా?

పాలపళ్లు: నా లెక్కలో అంతే. వీసీఏ ఐజీజీ ఉండి ఈబీఎన్ఏ ఐజీజీ (వైరస్‌లోని ఇంకో ప్రొటీన్ మీద ఆలస్యంగా వచ్చే యాంటీబాడీ) లేకపోతే చాలావరకు కొత్త ఇన్ఫెక్షనే. రెండోది రావడానికి 2-4 నెలలు పడుతుంది. ఆ గుంపును విడిగా పెట్టాకే వయసుల్ని పోల్చండి.

పిపెట్‌పట్టు: సాంపిల్ సంగతి కూడా చూడండి. తినడం, తాగడం ఆపిన అరగంటకు 1-2 మిల్లీలీటర్లు ట్యూబులోకి కారనివ్వాలి, ఐస్ మీద పెట్టాలి, దాచేది మైనస్ 80 డిగ్రీల సెల్సియస్‌లో. ఉమ్మడం రాని పిల్లలకు బుగ్గలో స్వాబ్ పెడతాం, అందులో ఎంత ఉమ్మి పీల్చుకుందో తెలియదు. ఆ అంకెను పెద్దల 'మిల్లీలీటరుకు ఇన్ని కాపీలు' పక్కన పెట్టకూడదు. ఉమ్మిలోని జిగురు పీసీఆర్‌ను అడ్డుకుంటుంది కూడా. డీఎన్ఏను పదింతలు పలచన చేసి మళ్లీ నడపండి: సీటీ (పీసీఆర్‌లో సిగ్నల్ కనబడే సైకిల్ నంబరు) దాదాపు 3.3 పెరిగితే సరే, పెరగకపోయినా తగ్గినా అడ్డు ఉన్నట్టే. అడ్డు ఉన్న సాంపిల్ నెగటివ్ వస్తే దాన్ని నెగటివ్‌గా రాసేయకండి.

నీలిగోళీ: వృద్ధుల సంగతి?

సూక్ష్మదర్శి: ముందు మందుల చీటీ చూడండి. అవయవ మార్పిడి తర్వాత ఇమ్యూనిటీని అణచే మందులు వాడేవాళ్లలో పాత కల్చర్ పద్ధతిలోనే సగానికి పైగా పాజిటివ్. వాళ్లు వృద్ధుల గుంపులో కలిస్తే ఆ నింద వయసు మీద పడుతుంది.

నీలిగోళీ: పీసీఆర్ పాజిటివ్ అంటే అంటుకుంటుందనేనా?

పిపెట్‌పట్టు: కాదు, విడి డీఎన్ఏ కూడా పాజిటివ్ చూపిస్తుంది. డీఎన్ఏ తీసే ముందు డీనేజ్ (డీఎన్ఏను ముక్కలు చేసే ఎంజైమ్) కలిపితే విడిదంతా కరిగిపోయి, వైరస్ కవచంలో ఉన్నదే మిగులుతుంది. తర్వాత డీనేజ్‌ను పూర్తిగా చంపాలి, లేకపోతే మీ అసలు సాంపిల్‌నే తినేస్తుంది.