అటక మీది ఇత్తడి సామాను: కాటాకి వేద్దామా, ఇంట్లో ఉంచుకుందామా?

కోవూరు అమ్మాయి

అందరికీ నమస్కారం. అమ్మ పోయి ఏడాది తిరిగింది. సంవత్సరీకం అయ్యాక కోవూరు ఇల్లు ఖాళీ చేస్తూ అటక దించాం. రెండు గంగాళాలు, నాలుగు బిందెలు, నీళ్లు కాచుకునే రాగి కాగు ఒకటి, మూడు డేగిసాలు, చెంబులు, ఆరు కంచు కంచాలు. పక్క బియ్యం కొట్టు కాటా మీద వేస్తే మొత్తం 43 కిలోలు తూగింది.

మా తమ్ముడు బెంగళూరులో ఉంటాడు. "అక్కా, ముప్పై ఏళ్లుగా వీటిని ఎవరూ ముట్టుకోలేదు. ఇచ్చేసి డబ్బు చెరిసగం తీసుకుందాం" అంటున్నాడు. వాడి మాటలో తప్పేమీ లేదు. నెల్లూరులో ఒక కొట్టుకి ఫోటోలు పట్టుకుని వెళ్లాను. సరుకు చూడకుండానే నూటికి 15 తరుగు తీస్తామన్నారు. బదులుగా కొత్త సామాను తీసుకుంటే మజూరీ అదనమట.

ఇంటికొచ్చి ఒక బిందె ముందు కూర్చున్నాను. మెడ కింద ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. మా అమ్మమ్మ పేరు, దాని కింద 1953. బిందెను చంకన పెట్టుకున్నప్పుడు మోచెయ్యి ఒరుసుకునే వైపు అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి. వేలు పెట్టి తడిమితే తప్ప తెలియడం లేదు. ఎన్ని వేల బిందెల నీళ్లు మోస్తే ఇత్తడి అలా అరుగుతుంది!

కరిగించినా లోహం ఎక్కడికీ పోదంటారు. మరి కరిగిస్తే ఆ బిందె ఉన్నట్టా, పోయినట్టా? అటక మీదే ఉంచితే మాత్రం దాన్ని కాపాడినట్టా? ఇలాంటిది ఎదురైనవాళ్లు చెప్పండి. నిజంగా తేల్చుకోలేకపోతున్నాను.

ఒంగోలు కెమిస్ట్రీ సారు

అమ్మా, నేనైతే ఇచ్చేయమంటాను. మనసులో మాట దాచుకోకుండా చెబుతున్నాను, బాధపడకు.

ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం (జింకు) కలిసిన లోహం. మన పాత బిందెల్లో నూటికి 60 నుంచి 70 పాళ్లు రాగే. కాగు ఎలాగూ రాగిదే. అంటే మీ 43 కిలోల్లో 28 కిలోల రాగైనా ఉంటుంది. గనిలో తవ్వే రాగి ఖనిజంలో చాలాచోట్ల నూటికి ఒక పాలు కూడా రాగి ఉండదు. మీ అటక మీదున్న రాగిని కొత్తగా తీయాలంటే దగ్గర దగ్గర మూడు టన్నుల రాయి తవ్వి, పొడి చేసి, కరిగించాలి. పాత రాగిని కరిగించి వాడటానికి ఆ శ్రమలో, ఆ కరెంటులో చిన్న వంతు చాలు. ఎన్నిసార్లు కరిగించినా రాగి గుణం తగ్గదు. అలాంటి లోహాన్ని చీకట్లో పెట్టి బూజు పట్టించడం నాకు నచ్చదు.

ఇంకో మాట. ఇత్తడి మీద ఇప్పుడు అందరికీ ప్రేమ పుట్టుకొచ్చింది. దాన్ని తోమిన చేతులు ఎవరివి? మా నాయనమ్మ చింతపండు, బూడిద, ఇటుక పొడితో రోజూ గంటకి పైగా తోమేది. గోళ్ల సందుల్లో నలుపు ఎప్పుడూ పోయేది కాదు. స్టెయిన్‌లెస్ స్టీలు 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో పుట్టింది. మన పక్కనే సేలంలో 1981లో స్టీలు కర్మాగారం మొదలైంది. మా ఇంటికి స్టీలు వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. నాయనమ్మ మొదటిసారి స్టీలు గిన్నెని ఒక్కసారి కడిగి బోర్లించి, "అంతేనా?" అంది. ఆ మాట నేను మర్చిపోలేదు.

కందుకూరు కోడలు

సారూ, మీ నాయనమ్మ గారి మాట నిజమే. కానీ తోమడం కష్టమైతే వాడకం తగ్గించాలి గానీ, వస్తువునే మాయం చెయ్యాలా?

మా అత్తగారింట్లో ఒక గంగాళం ఉంది. అంచు మీద "నె.జి. కందుకూరు" అని కొట్టించారు. నెల్లూరు జిల్లా అని. మా పిల్లాడు అది చూసి తప్పు రాశారన్నాడు, వాడికి తెలిసింది ప్రకాశం జిల్లానే. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాను. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి అటు వెళ్లాయి. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో కందుకూరుని మళ్లీ నెల్లూరులో కలిపారు. ఊరు జిల్లాలు మారింది, గంగాళం మీద రాసింది మాత్రం అలాగే ఉంది. మా వాడికి ఆ పాఠం ఏ పుస్తకంలోనూ దొరికేది కాదు. కరిగిస్తే రాగి మిగులుతుంది సారూ, ఆ అక్షరాలు మిగలవు.

కోవూరు అక్కా, ఇవ్వకు.

రెండు గదుల అద్దె ఇల్లు

దాచుకోమని చెప్పడం తేలిక. నేను నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో అద్దెకుంటాను. పదేళ్లలో ఐదు ఇళ్లు మారాను. అత్తగారి గంగాళం ప్రతిసారీ ఆటోలో నా ఒళ్లో కూర్చుని వచ్చేది. చివరికి కిందటేడు ఇచ్చేశాను, ఏడ్చాను కూడా. ఇచ్చినవాళ్లను తప్పుపట్టకండి.

కావలి పాత సామాన్ల కొట్టు

నాకు ఇదే బతుకుదెరువు, మా నాయన కాలం నుంచి. రెండు వైపుల వాళ్లకీ తెలియనివి కొన్ని చెబుతాను.

మొదటిది తరుగు. పాత బిందెకి అడుగు అతికించి ఉంటుంది, చిల్లులు పడితే మాట్లు వేసి ఉంటారు. ఆ మాటుల్లో సీసం ఉంటుంది. గంగాళం కడియాలు ఇనుపవి కావచ్చు. కాబట్టి తరుగు తీయడం న్యాయమే. కానీ చూడకుండా 15 అనడం న్యాయం కాదక్కా. ఒక్కో వస్తువు విడిగా కాటా వేయించు. కడియాలు ఊడదీశాకే తూయమను. రాగి, ఇత్తడి, కంచు మూడు కుప్పలుగా పెట్టు, మూడింటికీ మూడు ధరలు.

రెండోది అసలైంది. ఒంగోలు సారు కరిగిస్తే ఏమీ పోదన్నారు. రాగి ఒక్కదాన్నే కరిగిస్తే నిజమే. మా దగ్గర జరిగేది వేరు. కంచులో ఐదో వంతుకి కొంచెం పైన తగరం ఉంటుంది, ఇత్తడిలో తుత్తునాగం. హడావుడిలో రెండూ ఒకే బస్తాలో పడితే, కరిగాక వచ్చేది మంచి కంచూ కాదు, మంచి ఇత్తడీ కాదు. అది కుళాయిగానో, తలుపు బందుగానో పోతుంది. మళ్లీ కంచం కాదు. నువ్వు కంచాన్ని వేలి గోటితో కొట్టి చూడు. గుడి గంటలాగా సాగుతూ మోగితే కంచు. టక్కుమని ఆగితే ఇత్తడి. మోగేదాన్ని మాత్రం ఎవరికీ కాటాకి వేయొద్దు. కొత్తది ఆ నాణ్యంలో కొనాలంటే నీ ప్రాణం మీదికొస్తుంది.

మూడోది, నా దగ్గరికి వచ్చినవన్నీ కొలిమికి పోతాయనుకోకండి. గట్టి గంగాళం వస్తే నేను పగలగొట్టను. పక్కన పెట్టి, కావలసినవాళ్లకి నిండు వస్తువుగానే అమ్ముతాను. మా నాయనా అంతే చేసేవాడు. పగిలినవి, అడుగు పోయినవే బస్తాలోకి పోతాయి.

నిజంగా బాధపడాల్సింది ప్లాస్టిక్ గురించి. రంగు బిందె మొదటిసారి కరిగితే ముదురు రంగు బకెట్టు అవుతుంది. రెండోసారికి రంగులన్నీ కలిసి నల్ల తొట్టి. ఆపైన దాన్ని కొనేవాడు లేడు. మెలమైన్ ప్లేటైతే నేను ఊరికే ఇచ్చినా తీసుకోను, అది కరగదు, మాడుతుంది. మీ అమ్మమ్మ బిందె డెబ్బై ఏళ్లు నిలిచింది. నా కొట్టు వెనక ప్లాస్టిక్ బిందెల గుట్ట చూస్తే రెండేళ్లకి మించి వాడినవి తక్కువ.

ఒంగోలు కెమిస్ట్రీ సారు

కావలి తమ్ముడు చెప్పిన మిశ్రమం సంగతి సరైనదే. నేను పుస్తకంలో లోహం గురించి మాట్లాడాను, ఆయన బస్తాలో లోహం గురించి మాట్లాడాడు. కంచాల విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

బిందెలు, డేగిసాల విషయంలో మాత్రం నిలబడతాను. వాడితేనే ఉంచండి. వాడాలంటే డేగిసాలకి కళాయి, అంటే లోపల తగరం పూత, తప్పనిసరి. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు పెడితే పులుపుకి రాగి కరిగి కూరలోకి దిగుతుంది. పచ్చగా కనిపించే చిలుము అదే. వాంతులు, కడుపునొప్పి వస్తాయి. నెల్లూరు వాళ్లకి చేపల పులుసు లేనిదే రోజు గడవదు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. అది మట్టి దాకలోనే పెట్టుకోండి.

కళాయి వేయించేటప్పుడు స్వచ్ఛమైన తగరమేనా అని అడగండి. సీసం కలిపిన కడ్డీ చవక, అది ఒంటికి విషం. ఇంకోటి, తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి మరిచిపోతే పూత జారిపోతుంది. ముందు నీళ్లో నూనో పోశాకే మంట వెలిగించాలి.

ఉదయగిరి కొండ కింద

కళాయి గిన్నెలో స్టీలు గరిటె పెట్టకండి, పూత గీరుకుపోతుంది. మా ఊరి చెక్క గరిటెలు వాడండి. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన పని ఇది. విరిగిన గరిటెని కూడా మేము పారేయం, కాడని చెక్కి చెంచా చేస్తాం, అదీ పోతే పొయ్యిలోకి. దాని జాడ బూడిదలో కలిసి మొక్క మొదట్లో చేరుతుంది. ఈ చర్చలో చెక్కని అందరూ మరిచిపోయారు.

సైదాపురం

మరిచిపోయిన వాటిలో మాదీ చేర్చండి. మొన్న మా పాత ఇస్త్రీ పెట్టె కాలిపోతే విప్పాను. లోపల తీగ చుట్టి ఉన్నది అభ్రకం (మైకా) పలక మీద. మేము చిన్నప్పుడు గనుల పక్క కుప్పల్లో ఏరుకుని కాకి బంగారం అని ఆడుకున్నది ఇదే. వేడికి కాలదు, కరెంటు పారనివ్వదు, అందుకే ఇస్త్రీ పెట్టెకి అది కావాలి. మా నేల నుంచి ఇలాంటి పలకలు ఎన్ని దేశాలకి పోయాయో. ఇనప అడుగు కాటాకి వేశాను, పలక మాత్రం దాచుకున్నాను. దానికి ధర లేదు, కొనేవాడు అవతల పారేసేవాడు.

కోవూరు అమ్మాయి

మూడు వారాలైంది, క్షమించండి. అందరి మాటలూ తమ్ముడికి చదివి వినిపించాను. మేము చేసింది చెబుతాను.

కంచాలు ఆరూ గోటితో కొట్టి చూశాం. ఐదు మోగాయి. ఆరోది టక్కుమంది. దాన్ని, అడుగు పోయిన రెండు బిందెలు, సొట్టబోయిన గంగాళం, నాకు మొయ్యడం చేతకాని కాగు ఇచ్చేశాం. వేరే కొట్టులో, విడివిడిగా తూయించి. కడియాలు నేనే ఊడదీశాను. తరుగు నూటికి 6 పడింది. ఆ డబ్బు తమ్ముడే తీసుకున్నాడు, నేనే తీసుకోమన్నాను.

రెండు డేగిసాలు కళాయికి ఇచ్చి అక్కడే కూర్చుని చూశాను. బొగ్గుల గుంట మీద గిన్నె ఎర్రబడకముందే నవాసారం పొడి చల్లాడు. ముక్కు మండే తెల్లటి పొగ లేచింది. తగరం కడ్డీ ఇలా తాకించి, దూది ఉండతో ఒక్క తిప్పు తిప్పాడు. పసుపు రంగు గిన్నె లోపల వెండి నీళ్లు పారినట్టు తెల్లబడిపోయింది. లెక్క పెడితే రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పరమాన్నం అందులోనే వండాను. తోమడం మాత్రం సారు చెప్పినంత కష్టమే, రోజూ నావల్ల కాదు. పండగలకీ, నలుగురు వచ్చినప్పుడూ వాడతాను.

రాయడానికి అసలు కారణం ఇది. అమ్మమ్మ పేరున్న బిందెని చింతపండు, ఉప్పు పెట్టి తోముతుంటే ఆమె పేరుకి జానెడు పక్కన, నల్లటి మకిలి కింద ఇంకో రెండు అక్షరాలు బయటపడ్డాయి. చుక్కలు పెద్దవి, లోతుగా ఉన్నాయి, కొట్టిన చెయ్యి వేరు. "పా. ల." మా వంశంలో ఆ అక్షరాలతో ఎవరూ లేరు. పెద్దమ్మని అడిగితే, అమ్మమ్మకి కాపురానికి వెళ్లేటప్పుడు కొత్త బిందె కొనే స్తోమత ఇంట్లో లేదని మాత్రం చెప్పింది.

అంటే 1953లో కొత్తది ఆ పేరు మాత్రమే. బిందె అప్పటికే ఇంకొకరి చంకన నీళ్లు మోసింది. కావలి అన్నా, మీ నాయన లాంటివారెవరో దాన్ని కరిగించకుండా నిండు వస్తువుగా అమ్మి ఉంటారు.

కాగితం వేసి పెన్సిల్‌తో రుద్ది రెండు పేర్ల అచ్చూ తీశాను. తమ్ముడికి ఫోటో పంపితే, వచ్చే నెల వచ్చినప్పుడు బిందె తనే తీసుకెళతానన్నాడు. కోవూరు, అల్లూరు, విడవలూరు వైపు మీ ఇళ్లలో పాత సామాను ఉంటే మెడ కింద ఒకసారి తోమి చూడండి. "పా. ల." అని పెద్ద చుక్కలతో కొట్టింది కనబడితే ఇక్కడ రాయండి.