స్వభావజమా, శుద్ధమా?

ప్రశ్న (కావలి): ఏ మలినమూ కలపని సిలికాన్‌ను, జెర్మేనియాన్ని ఇంటర్ భౌతికశాస్త్రంలో "స్వభావజ అర్ధవాహకాలు" అంటున్నారు. పిల్లలకు ఆ మాటకు నోరు తిరగడం లేదు. "శుద్ధ అర్ధవాహకం" అంటే తప్పా అండీ?

సమాధానం (నెల్లూరు): తప్పనను గాని, ఆ మాట సగమే చెబుతుంది. పంకజంలోని "జ" ఇక్కడా ఉంది. స్వభావం నుంచి పుట్టినదని అర్థం. పుట్టేవి విద్యుత్తును మోసే కణాలు. గది వేడికే సిలికాన్ స్ఫటికంలో అక్కడక్కడ బంధాలు తెగి, తెగిన ప్రతిచోటా ఒక ఎలక్ట్రాన్ బయటపడి, అది వదిలిన ఖాళీయే రంధ్రమవుతుంది కనుక, ఈ రెండింటి సంఖ్య ఎప్పుడూ సమానంగా ఉంటుంది. ఘన సెంటీమీటరుకు ఇవి ఒక్కొక్కటి సుమారు 1,500 కోట్లు. వినడానికి పెద్ద సంఖ్యే గాని, పరమాణువుల లెక్కన చూస్తే 3 లక్షల కోట్లకు ఒక ఎలక్ట్రాన్ చొప్పున కూడా పడదు.

ఇక శుద్ధమన్న మాట ఎక్కడ పొసగదో చూడండి. భాస్వరం కలిపిన సిలికాన్‌ను బాగా వేడిచేస్తే, బంధాలు తెగి పుట్టే కణాలు భాస్వరం ఇచ్చిన ఎలక్ట్రాన్లను మించిపోయి, ఆ పదార్థం స్వభావజంగానే ప్రవర్తిస్తుంది. భాస్వరం మాత్రం ఎక్కడికీ పోలేదు. దాన్ని శుద్ధమని ఎలా అనగలం? పైగా ఎడగారు పైరుకు వడ్లు నానబెట్టే మన రైతుకు విత్తనశుద్ధి అంటే మందు పట్టించడం, అంటే బయటిదాన్ని చేర్చడమే!

నాకు నచ్చనిది దాని జంటపదం "అస్వభావజం". అది కాదనడమే గాని, ఎక్కడిదో చెప్పదు. ఆయుర్వేదం లోపల పుట్టిన రోగాలను నిజమనీ, బయటి కారణంతో వచ్చినవాటిని ఆగంతుజమనీ విడదీసింది. మలినం వల్ల వాహకత్వం పెరిగిన అర్ధవాహకానికి ఆగంతుజమన్న పేరు ఎంత చక్కగా అమరేదో!

ప్రశ్న (ఒంగోలు): అర్ధవాహకమా, అర్థవాహకమా? రెండు విధాలా అచ్చులో చూశాను.

సమాధానం (నెల్లూరు): అర్ధరాత్రిలోని "ధ"యే సరైనది. లోహాలకూ బంధకాలకూ నడుమ ఉన్నదని చెప్పడమే ఇక్కడ ఉద్దేశం, సరిగ్గా సగమని కాదు. "థ" వేస్తే అర్థాన్ని మోసేది అవుతుంది. ఆ పేరు నిఘంటువుకు పెట్టుకోవచ్చు.