అప్‌డేట్: ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ టాస్క్ 1లో బ్యాండ్ ఎక్కడ తగ్గుతుందో తేలింది

ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష రైటింగ్‌లో, గ్రాఫ్ లాంటివి వివరించే టాస్క్ 1లో, గ్రామర్ బాగున్నా బ్యాండ్ (స్కోరు) 6.5 దాటకపోవడానికి కారణమేంటని అడిగాను కదా, లెక్క ఇదీ.

ఒక్కో టాస్క్‌కి నాలుగు అంశాల్లో విడివిడిగా బ్యాండ్ వేస్తారు: ప్రశ్నకు తగ్గ జవాబు, పొందిక, పదసంపద, గ్రామర్. నాలుగింటికీ సమాన వెయిటేజీ. గ్రాఫ్‌లోని అంకెలన్నీ వరసగా అప్పజెప్పేసి ఓవర్‌వ్యూ (మొత్తమ్మీద కనిపించే ముఖ్యమైన మార్పుల సారాంశం) వదిలేస్తే మొదటి అంశంలో 5 దాటడం కష్టం. మిగతా మూడింట్లో 7 వచ్చినా సగటు 6.5. ‘మొత్తమ్మీద కార్ల వాడకం పెరిగింది, బస్సులది తగ్గింది’ అన్నట్టు అంకెల్లేకుండా రెండు వాక్యాలు తప్పకుండా రాయండి.

టాస్క్ 2 (వ్యాసం) విలువ టాస్క్ 1కి రెట్టింపు, కాబట్టి 40 నిమిషాలు దానికే ఉంచండి. 250 పదాలకు తగ్గొద్దు. 400 రాస్తే అదనంగా ఒరిగేదేమీ లేదు, తప్పులు సరిచూసుకునే టైమే పోతుంది.

సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్ అండీ.