తొలిచూలు మేక ఈనబోతోంది: ఎప్పటిదాకా ఆగాలి, ఎప్పుడు చెయ్యి పెట్టాలి?

ఉట్నూరు_పెరడు:
ఉస్మానాబాదీ మేక, తొలిచూలు. దాటించి ఇవాళ్టికి 146 రోజులు. పొదుగు దిగింది. నిన్న సాయంత్రం నుంచి తోక మొదలుకు రెండు పక్కలా గుంటలు పడ్డట్టు కనిపిస్తోంది. మేత తింటోంది, నెమరు వేస్తోంది. మాకు ఉన్నది ఈ ఒక్క మేకే. వంటింటి వెనక రేకుల పాక కింద కట్టేస్తాం. మా ఆదిలాబాద్ వైపు రాత్రుళ్లు చలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. పశువుల దవాఖాన 14 కిలోమీటర్లు, రాత్రి ఎవరూ ఉండరు.

ఏమేం సిద్ధంగా పెట్టుకోవాలి? నొప్పులు మొదలయ్యాక ఎంతసేపు చూడొచ్చు? పిల్ల అడ్డం తిరిగితే మాకెలా తెలుస్తుంది?

మేకలదొడ్డి:
మేకకు ఈత లెక్క 150 రోజులు, అటూ ఇటూ అయిదు రోజులు. కడుపులో ఇద్దరు ముగ్గురు ఉంటే కాస్త ముందే ఈనుతుంది. కాబట్టి ఇవాళే సిద్ధం చేసుకోండి.

పొదుగును మరీ నమ్మొద్దు. తొలిచూలుకు మూడు వారాల ముందే దిగొచ్చు, ఈనే రోజు దిగొచ్చు. గుంటలు మాత్రం మంచి గుర్తు. తోక మొదలుకు రెండు పక్కలా పెన్సిలంత లావున నరాలు వేళ్లకు తగులుతాయి. పొద్దున, సాయంత్రం నొక్కి చూడండి. అవి మెత్తబడి వేళ్లకు దొరక్కుండా పోతే చాలావరకు 24 గంటల్లో ఈనుతుంది. పొదుగు మెరుస్తూ బిగుసుకోవడం, మానం వాచి సాగడం, చిక్కటి తీగ జారడం ఆ తర్వాత వచ్చేవి.

పాకలో గాలి తగలని మూల చూసి, తడికో పాత తలుపో అడ్డం పెట్టి 5 అడుగుల చదరం చెయ్యండి. కింద పొడి వరిగడ్డి జానెడు మందాన పరవండి. మెడతాడు విప్పెయ్యండి. కట్టేసిన మేక లేస్తూ పడుకుంటూ తిరుగుతుంటే తాడు పిల్లకు చుట్టుకుంటుంది. నీళ్ల బకెట్ లోపల పెట్టొద్దు. చాలా మేకలు నిలబడే ఈనుతాయి, వెనక బకెట్ ఉంటే పిల్ల నేరుగా అందులో పడుతుంది. వెడల్పాటి తట్టలో నాలుగు వేళ్ల లోతు నీళ్లు చాలు.

కావలసినవి: పొడి నూలు గుడ్డలు అయిదారు, రెండు మూడు జతల గ్లౌజులు, పోవిడోన్ అయోడిన్ 100 మి.లీ., వెడల్పు మూతి ఉన్న చిన్న సీసా, లిక్విడ్ పారఫిన్ 200 మి.లీ., కొత్త బ్లేడు, నూలు దారం, థర్మామీటరు, టార్చి, మీటరు పొడవు మెత్తటి నూలు తాళ్లు రెండు (నీళ్లలో మరగబెట్టి ఆరబెట్టినవి). గోళ్లు ఇప్పుడే పొట్టిగా కత్తిరించుకోండి. నొప్పుల మధ్యలో బ్లేడు వెతుక్కోవడం అవ్వదు. డాక్టరు గారి నంబరు, గోపాలమిత్ర నంబరు గోడ మీద రాసిపెట్టండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, అయితే అర్ధరాత్రికి దాని మీదే ఆధారపడొద్దు.

ఇక టైం లెక్క. మొదట లేస్తుంది, పడుకుంటుంది, కాలితో గడ్డి తవ్వుతుంది, డొక్క వైపు తిరిగి చూసి సన్నగా అరుస్తుంది. తొలిచూలుకు ఈ దశ 12 గంటల దాకా సాగొచ్చు. ఇప్పుడు మీ పని దూరంగా కూర్చోవడమే. పదిమంది చుట్టూ మూగితే బెదిరి నొప్పులు ఆపేసుకుంటుంది. తర్వాత ఉమ్మనీటి సంచి బయటికొస్తుంది. దాన్ని మీరు పగలగొట్టకండి. కాళ్లు బిగబట్టి గట్టిగా ముక్కడం మొదలుపెట్టిన నిమిషం గడియారం చూసి రాసుకోండి. అక్కడి నుంచి అరగంటలో ఏమీ ముందుకు రాకపోతే లోపల చూడాల్సిందే. నీటి సంచి పగిలి గంటయినా ముక్కడమే లేదంటే అదీ మంచిది కాదు. ఒక పిల్లకూ ఇంకో పిల్లకూ మధ్య మామూలుగా 10 నుంచి 30 నిమిషాలు.

పశువైద్యం_జగిత్యాల:
పైన చెప్పిన లెక్క సరిపోతుంది. అడ్డం తిరిగిన సంగతి నేను చెబుతాను.

సరిగ్గా వచ్చే పిల్లకు ముందు రెండు గిట్టలు కనిపిస్తాయి, వాటి అరికాళ్లు నేల వైపు ఉంటాయి, వాటి మీద ముక్కు ఆని ఉంటుంది. ఇలా ఉంటే ముట్టుకోనక్కర్లేదు. అరికాళ్లు ఆకాశం వైపు ఉంటే అవి వెనక కాళ్లు కావచ్చు, లేదా పిల్ల వెల్లకిలా ఉండొచ్చు. తేల్చుకోవడానికి గిట్ట నుంచి పైకి తడమండి. ముందు కాలికి మొదటి రెండు కీళ్లూ ఒకే వైపు వంగుతాయి. వెనక కాలికి రెండో కీలు ఎదురు వైపు వంగుతుంది, మడమ మొన వేలికి గుచ్చుకున్నట్టు తగులుతుంది.

వెనక కాళ్లు రెండూ కలిసి వస్తే అది ఈనగలిగే స్థితే, తిప్పాలని చూడకండి. ఒక్కటే జాగ్రత్త: పిల్ల నడుము బయటపడ్డాక ఆలస్యం చేయకూడదు. బొడ్డుతాడు తల్లి కటి ఎముక దగ్గర నలిగిపోతుంది, తల ఇంకా లోపలే ఉండగా పిల్ల ఊపిరి పీలిస్తే ఉమ్మనీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అక్కడి నుంచి ఆపకుండా లాగెయ్యండి.

రెండు కాళ్లు వచ్చి తల రాకపోతే, కాళ్లు పట్టుకు లాగడం అన్నిటికన్నా చెడ్డ పని. తల పక్కకు మడిచి ఉంటుంది, మీరు లాగిన కొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. మేక వెనక భాగం, మీ చెయ్యి మోచేతి దాకా కడగండి, గ్లౌజు వేసుకుని పారఫిన్ ధారాళంగా రాయండి. బట్టల సబ్బు వాడొద్దు, లోపలి పొర మండి వాస్తుంది. రెండు కాళ్లకూ నూలు తాడు ఉచ్చు వేసి కొస బయట ఉంచండి, అప్పుడు అవి లోపలికి జారినా దొరుకుతాయి. నొప్పి ఆగినప్పుడు ఛాతీ మీద అరచెయ్యి పెట్టి పిల్లను లోపలికి నెట్టండి, నొప్పి వచ్చినప్పుడు చెయ్యి కదపకుండా ఉంచండి. చోటు దొరికాక మెడ వెంబడే పోయి మూతిని గుప్పిట్లోకి తీసుకుని దారికి తిప్పండి. పళ్లు గర్భసంచికి గీసుకోకుండా మూతి మీ అరచేతిలోనే ఉండాలి. కింది దవడకు తాడు కట్టి లాగొద్దు, విరుగుతుంది.

తల, ఒక కాలు వచ్చి రెండోది మడిచి ఉంటే ఇదే పద్ధతి: పిల్లను వెనక్కి నెట్టి, మోకాలి వెనక వేలు తగిలించి, గిట్టను అరచేతితో కప్పి ముందుకు తీయాలి.

తోక మాత్రమే వేలికి తగిలితే పిల్ల పిరుదుల మీద కూర్చున్నట్టు ఉంది. ఇది చాలామంది కనిపెట్టలేరు. దారిలోకి ఏమీ దిగదు గనక మేక గట్టిగా ముక్కదు, ఇంకా టైం ఉందిలే అనుకుంటారు. పిల్లను లోపలికి, తల్లి తల వైపు నెట్టి, మడమను వంచి, గిట్టను కప్పి ఒక్కో కాలూ బయటికి తేవాలి. కవలలైతే రెండు పిల్లల కాళ్లు ఒకేసారి రావొచ్చు. లాగే ముందు ప్రతి కాలినీ దాని ఛాతీ దాకా తడిమి, రెండూ ఒకే పిల్లవని తేల్చుకోండి.

లాగడమంటే మేక ముక్కినప్పుడు మాత్రమే, బయటికీ కిందికీ, దాని మడమల వైపు. ఒక మనిషి బలం మించకూడదు. 15 నిమిషాలు ప్రయత్నించినా పని సాగలేదంటే ఆపి ఆటో మాట్లాడండి. గర్భసంచి మూతి వేళ్లకు బిగుతైన ఉంగరంలా తగిలితే అసలు బలవంతం చేయొద్దు, అది ఆపరేషన్ కేసు. ఊళ్లో ఎవరైనా నొప్పుల ఇంజెక్షన్ ఇస్తానంటే, పిల్ల ఎలా ఉందో, మూతి తెరుచుకుందో లేదో చూడకుండా ఇవ్వనివ్వకండి. అడ్డం ఉన్న పిల్ల మీద గర్భసంచి బిగిస్తే సంచే చినుగుతుంది.

గ్లౌజుల మాట మరవద్దు. బ్రూసెల్లా లాంటి సూక్ష్మక్రిములు ఉమ్మనీటి నుంచి, మాయ నుంచి మనుషులకు వస్తాయి. ఇంట్లో గర్భిణులు ఉంటే ఈ పనికి దూరంగా ఉంచండి.

అనంత_రైతు:
మీది చలి ప్రాంతం కాబట్టి పిల్ల పడ్డాక మొదటి గంట గురించి రాస్తున్నా.

ముక్కు, నోటి మీది జిగురు గుడ్డతో తుడవండి. ఊపిరి తీయకపోతే గడ్డిపోచ ముక్కులో ఆడించండి, తుమ్ముతుంది. తల కిందికి వంచి పట్టుకుని డొక్కల మీద పొడిగుడ్డతో గట్టిగా రుద్దండి. నీళ్లతో కడగొద్దు. తల్లి ఆ వాసన పట్టే పిల్లను గుర్తిస్తుంది. పిల్లను తల్లి మూతి ముందే పెట్టి నాకనివ్వండి. తొలిచూలు మేక బెదిరి తన్నుతుంటే, ఉమ్మనీటి జిగురు దాని పెదవులకు పూయండి.

బొడ్డుతాడు మామూలుగా దానంతట అదే తెగుతుంది. పొడుగ్గా వేలాడితే పొట్ట నుంచి రెండు మూడు వేళ్ల దూరంలో దారంతో కట్టి, ముడికి అవతల బ్లేడుతో కోయండి. సీసాలో అయోడిన్ పోసి, సీసా మూతిని పొట్టకు ఆనించి బొడ్డు మొత్తం మునిగేలా పట్టుకోండి. పైపైన దూదితో అద్దితే చాలదు, లోపలి బోలు తడవదు. ఆ దారినే సూక్ష్మక్రిములు ఎక్కి వారం పది రోజులకు పిల్ల కీళ్లు వాస్తాయి. 12 గంటల తర్వాత ఇంకోసారి ముంచండి.

పిల్ల నోట్లో వేలు పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే సరే. చల్లగా ఉంటే ఆసనంలో థర్మామీటరు పెట్టండి. 101.5 నుంచి 103.5 ఫారెన్‌హీట్ మామూలు. 99 కన్నా తగ్గితే పాలు పట్టే ముందు వేడి చెయ్యాలి. చల్లబడ్డ పిల్లకు పాలు అరగవు, చప్పరించే బలం ఉండదు, బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పెద్ద ప్లాస్టిక్ సంచిలో పిల్లను మెడ దాకా పెట్టి, మోచేతికి హాయిగా తగిలే వేడినీళ్లలో (40 డిగ్రీల సెల్సియస్) సంచితో సహా ముంచి పట్టుకోండి. ఒళ్లు తడవదు, వాసనా పోదు. బల్బు వేలాడదీస్తే పిల్లకు మూడడుగుల ఎత్తున, గడ్డికి దూరంగా, తల్లి కొరకలేని వైరుతో పెట్టండి.

ఉట్నూరు_పెరడు:
అన్నా, డాక్టర్ గారూ, చాలా థ్యాంక్స్. ఇంకో రెండు మాటలు. మా దగ్గర పెద్దవాళ్లు మాయ పడేదాకా పిల్లకు పాలు ఇవ్వొద్దంటున్నారు. మాయ ఆలస్యమైతే పాత చెప్పో రాయో కడితే బరువుకు జారుతుందంటున్నారు. ఈనిన మేకకు బలమని జొన్న గటక నిండా పెట్టొచ్చా?

పశువైద్యం_జగిత్యాల:
తొందరపడాల్సిన చోట ఆగమంటున్నారు, ఆగాల్సిన చోట తొందరపడమంటున్నారు. మాయకు 12 గంటల దాకా ఆగొచ్చు. ముర్రుపాలకు రెండు గంటలు మించి ఆగకూడదు.

కారణం చెబుతాను, ఇంట్లో పెద్దవాళ్లకు అదే చెప్పండి. మేకపిల్ల తల్లి కడుపులో ఉన్నప్పుడు దానికి రోగనిరోధక శక్తి అందదు, అంతా ముర్రుపాలలోనే వస్తుంది. ఆ పాలలోని రక్షక పదార్థాలు పేగుగోడ దాటి రక్తంలోకి వెళ్లే దారి గంటగంటకూ మూసుకుంటూ, 24 గంటలకు పూర్తిగా మూసుకుపోతుంది. రెండు కిలోల పిల్లకు మొదటి రెండు గంటల్లో 100 మి.లీ., రోజు మొత్తంలో తక్కువలో తక్కువ 200, చలిలో అంతకు రెట్టింపు అందాలి. పైగా పిల్ల చన్ను చప్పరిస్తేనే గర్భసంచి ముడుచుకుని మాయ కూడా త్వరగా పడుతుంది.

పిల్లను వదిలే ముందు ప్రతి చన్ను నుంచీ రెండు ధారలు పిండండి. కొసన మైనం లాంటి బిరడా ఉంటుంది, అది పోకపోతే పిల్ల ఎంత చప్పరించినా చుక్క రాదు. ముగ్గురు పుడితే చిన్నదానికి పిండి సీసాతో పట్టండి. మిగిలితే ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, కావాల్సినప్పుడు గోరువెచ్చటి నీళ్లలో సీసా పెట్టి కరిగించండి. పొయ్యి మీద పెడితే జున్నయిపోతుంది, పిల్లకు పనికిరాదు. ఇంట్లో జున్ను సంగతి పిల్లల కడుపులు నిండాక చూసుకోండి.

మాయకు బరువు కట్టొద్దు, చేత్తో లాగొద్దు. గర్భసంచికి అతుక్కున్న చోట చినిగి రక్తం పోతుంది, లేదా సంచే తిరగబడి బయటికొస్తుంది. వేలాడేది కాళ్ల కింద పడుతుంటే దాన్ని దానికే ముడి వేయండి, అంతే. 12 గంటలు దాటితే ఫోన్ చెయ్యండి. పడ్డాక మేకను తిననివ్వకుండా తీసి, రెండడుగుల గొయ్యిలో సున్నం చల్లి పూడ్చండి. లేకపోతే కుక్కలు వస్తాయి, వచ్చిన కుక్కలు పిల్లల్ని చూస్తాయి.

మేకలదొడ్డి:
గటక సంగతి: ఒక్కసారే నిండా పెడితే కడుపు పులిసి మేక పడిపోతుంది. ఈనిన వెంటనే గోరువెచ్చటి నీళ్లు అయిదారు లీటర్లు, అందులో గుప్పెడు బెల్లం. దాని ఇష్టమొచ్చినంత తాగనివ్వండి. తర్వాత ఎండుగడ్డి, సుబాబుల్ లేదా అవిసె రెమ్మలు. దాణా మొదటిరోజు 100 గ్రాములు, వారంలో మెల్లగా 300కు పెంచండి.

ఇప్పటి నుంచి ఈనేదాకా ఒకటి కనిపెట్టి ఉండండి. మేత మానేసి, పళ్లు కొరుకుతూ, నోట్లోంచి పండు వాసన వస్తుంటే అది నొప్పులు కాదు, కడుపులో పిల్లలు ఎక్కువై తల్లికి శక్తి చాలడం లేదు. బెల్లంనీళ్లతో ఊరుకోక ఆ పూటే డాక్టరుకు చూపించాలి. ధనుర్వాతం, చిటుకు రోగం టీకాలు ఈనడానికి నెల ముందు వేయించాల్సినవి. వేయించి ఉండకపోతే పిల్లలకు ఏం చెయ్యాలో కూడా డాక్టరును అప్పుడే అడగండి.

ఈనాక ఎర్రగా, గోధుమరంగుగా మైల రెండు మూడు వారాలు పోతుంది, దానికి కంగారు వద్దు. కంపు కొట్టినా, జ్వరం 104 దాటినా, పిల్లల్ని దగ్గరికి రానివ్వకపోయినా దవాఖానకు తీసుకెళ్లండి.